కూలర్ వాళ్లది, ఎర్తింగ్ మీది

మా కాలనీ సంక్షేమ సంఘం పెద్దలకు, పైన గదులు వేసి అద్దెకిస్తున్న ఇంటి యజమానులందరికీ నమస్కారాలు.

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. ఫ్యాను తిరగకపోతే, మోటారు నీళ్లు ఎత్తకపోతే, బతుకమ్మ ముందు రోజు గేటు మీద సీరియల్ బల్బులు సగం ఆరిపోతే మీరు ఫోను చేసేది నాకే. హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా ఇదే నా పని. మీ ఇంట్లో దేవుడి గది ఎక్కడుందో నాకు తెలియకపోవచ్చు కానీ, మెయిన్ స్విచ్ ఎక్కడుందో, దాని వెనక ఎన్నేళ్ల నాటి అల్యూమినియం వైరు దాక్కుందో తెలుసు. వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. "సరేలే, చూద్దాం" అంటారు, చాయ్ ఇస్తారు, తాగి వస్తాను. చాయ్‌తో పాటు చెప్పిన మాట చాయ్‌తోనే చల్లారిపోతుందని తెలిసి ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఇంకో వారంలో రోహిణి కార్తె. అది మొదలైన రెండు వారాలకు మృగశిర. ఇక్కడ రాసిన పనుల్లో చాలావరకు ఆ లోపే పూర్తి కావలసినవి.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మన పక్క వీధి నుంచి ఫోను వచ్చింది. డాబా మీద రేకుల గది. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు అద్దెకుంటున్నారు. రేకుల కింద వేడి తట్టుకోలేక పాత ఇనుప కూలర్ ఒకటి కొనుక్కున్నారు. అది తిరుగుతుండగానే ఒకతను బకెట్టుతో నీళ్లు పోశాడు. కాళ్లకు చెప్పులు లేవు, కింద స్లాబు తడిసి ఉంది, ఎడమ చెయ్యి కూలర్ అంచు మీద ఉంది. చెయ్యి అక్కడే అతుక్కుపోయింది. రెండో అబ్బాయికి ఆ క్షణాన ఎలా తోచిందో కానీ అతన్ని పట్టుకోలేదు, వైరు పట్టి ప్లగ్గు ఊడలాగాడు. అందువల్ల ఈ ఉత్తరంలో చావు కబురు లేదు. అరచెయ్యి కాలింది, ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు.

మర్నాడు పొద్దున నేను ఆ గది సాకెట్ విప్పాను. ముందు నుంచి చూస్తే మూడు కన్నాలూ ఉన్నాయి. వెనక రెండింటికే తీగలు ఉన్నాయి. పైనున్న పెద్ద కన్నం, కారిన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ తీగ రావలసిన కన్నం, ఊరికే అలంకారానికి ఉంది. కిందికి దిగివచ్చి ఇంటాయనకు చెప్పాను. మంచి మనిషే, ఆసుపత్రి ఖర్చులో సగం తానే పెట్టుకున్నాడు. కానీ అన్న మాట మాత్రం ఇది: "కూలర్ వాళ్లదే కదా, మనదేముంది ఇందులో?"

ఆ మాటకు అప్పుడు నాకు సమాధానం దొరకలేదు. ఏడాది ఆలోచించాక దొరికింది. మీరు రాయించుకునే పదకొండు నెలల అగ్రిమెంటులో గోడకు మేకు కొట్టరాదని ఉంటుంది. మేకు కొట్టే హక్కు లేనివాడు మీ పెరట్లో ఎనిమిది అడుగుల గొయ్యి తవ్వి ఎర్త్ పైపు దించుతాడా? మీ బోర్డు మూత విప్పి కొత్త స్విచ్ పెడతాడా? కూలర్ వాళ్లది, ఒప్పుకుంటాను. గోడలోపల ఉన్నదంతా మీది.

చాలామంది నాతో వాదించేది ఒకటే: "మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి, ఏదైనా అయితే అవే పడిపోతాయి." ఇది అసలు చిక్కు. ఎంసీబీ అంటే వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయే స్విచ్. అది ఉన్నది మీ వైరును కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. మామూలుగా పవర్ సాకెట్ వెనక 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది. 230 వోల్టుల కరెంటు తడి చేతుల్లోంచి, తడి కాళ్ల మీదుగా నేలలోకి పోతే, ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుందాం, పావు ఆంపియర్ కూడా పారదు. గుండె ఆగడానికి అందులో చిన్న భాగం చాలు. ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు, అది కదలాలంటే దాదాపు 70 రెట్లు కావాలి. మనిషి కింద పడి ఉన్నా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, టీవీలో వార్తలు వస్తూనే ఉంటాయి.

మనిషి కోసం ఉన్నది కరెంటు దారి తప్పితే ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ చూసినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. గేటు దగ్గర ఒక గుమస్తా కూర్చుని లోపలికి పోయిన బస్తాలు, బయటికి వచ్చిన బస్తాలు లెక్క రాస్తున్నాడనుకోండి. రెండూ సమానంగా ఉన్నంతసేపు మాట్లాడడు. ఒక్క బస్తా తేడా వస్తే మధ్యలో ఎక్కడో దారి తప్పిందని గేటు మూసేస్తాడు. ఆర్‌సీసీబీ చేసేది అదే. కరెంటు తెచ్చే ఫేజు తీగ మీద ఎంత పోయిందో, దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగ మీద అంత తిరిగి రావాలి. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో, ఏ తడిగోడలోంచో కరెంటు నేలలోకి పోతున్నట్టే. సెకనులో మూడో వంతు కూడా గడవకముందే కట్ చేస్తుంది. ఇళ్లకు వాడేటప్పుడు దాని మీద 30 అనే అంకె ఉందో లేదో చూసుకోవాలి. 100, 300 అని ఉన్నవీ అమ్ముతారు. అవి నిప్పు అంటుకోకుండా చూసేవి, మనిషిని కాపాడే లెక్క వాటిది కాదు. ధరకు భయపడవలసిన పనీ లేదు. రెండు మూడు వేలల్లో మంచిదే వస్తుంది.

ఇక నాకు బాగా కోపం తెప్పించే సంగతి. పెట్టిన ఆర్‌సీసీబీని తీయించిన ఇళ్లు మన కాలనీలోనే కనీసం నాలుగున్నాయి. "ఊరికే పడిపోతోందయ్యా, తీసెయ్" అంటారు. నేను తీయనంటే ఇంకొకరిని పిలిపించి డైరెక్టు చేయిస్తారు. ఊరికే పడిపోదు. ఎక్కువగా రెండే కారణాలు. ఒకటి, నిజంగానే ఎక్కడో కరెంటు కారుతోంది: గీజరు కాయిల్ పాడైంది, సంపులో మోటారుకు నీళ్లు దిగాయి, పాత వైరు మీది తొడుగు పగిలింది. అలాంటప్పుడు ఒక్కొక్క ఎంసీబీ దించి చూస్తే దొంగ ఎక్కడున్నాడో గంటలో తెలుస్తుంది. రెండోది, ఇన్వర్టర్ పెట్టినవాడు దాని న్యూట్రల్‌ను, మెయిన్ న్యూట్రల్‌ను కలిపేసి పోయాడు. మన గుమస్తా లెక్క తప్పుతుంది, ఎందుకంటే బస్తాలు ఒక గేటు నుంచి పోయి ఇంకో గేటు నుంచి వస్తున్నాయి. న్యూట్రళ్లు విడదీస్తే సరిపోతుంది. ఓపిక లేని మేస్త్రీ చేసే సులువైన పని ఆర్‌సీసీబీ పీకేయడం. కుక్క అరుస్తోందని కుక్కనే తరిమేసినట్టు.

దాని మీద టెస్టు అని చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కాలి. నొక్కగానే పడిపోతే అది బతికి ఉన్నట్టు. పడకపోతే మార్చండి. కరెంటు బిల్లు కట్టిన రోజు నొక్కడం అలవాటు చేసుకున్న పెద్దావిడ ఒకామె మన మూడో వీధిలో ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటాయి, కుర్చీ వేసుకుని మరీ నొక్కుతారు. కుర్చీ ఎక్కవద్దని ఆమెకు వేరే చెప్పాల్సి వచ్చింది.

ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తింగ్ అక్కరలేదా? కావాలి. ఎర్త్ ఉంటే కూలర్‌లో తప్పు జరిగిన క్షణానే కట్ అవుతుంది. లేకపోతే కూలర్ ఒంటి నిండా కరెంటు పెట్టుకుని ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఎదురుచూస్తుంది. ఆ ఎవరో ఒకరు ఇంట్లో పాకే పిల్లవాడు కావచ్చు.

మన దగ్గర ఎర్తింగ్ పేరుతో జరిగే మోసం గురించి చెప్పాలి. గొయ్యి తవ్వడం, పైపు దించడం, బొగ్గూ ఉప్పూ పొరలుగా పోయడం పని ఎక్కువ. అందుకని సాకెట్ వెనకే న్యూట్రల్ నుంచి ఎర్త్ కన్నానికి చిన్న వైరు ముక్క వేస్తారు. టెస్టరు బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది, మీకు "ఎర్త్ వచ్చింది సార్" అని చూపిస్తారు. ఆ తర్వాత ఏ గాలివానకో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి, మీ ఫ్రిజ్జు తలుపు, వాషింగ్ మెషీన్ డ్రమ్ము, ఇస్త్రీ పెట్టె అన్నిటి మీదికీ ఆ ముక్క గుండా ఫేజు వచ్చి కూర్చుంటుంది. ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ఘోరం. వచ్చే ఆదివారం మీ సాకెట్లలో ఒక్కటైనా విప్పించి చూడండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చిన్న ముక్క కనిపిస్తే ఆ ఇల్లు మొత్తం అనుమానించవలసిందే.

వాస్తు మాట ఇక్కడ రాక తప్పదు. ఒక ఇంట్లో ఎర్త్ గుంతకు అనువైన చోటు ఈశాన్యంలో దొరికింది, బోరు పక్కనే, నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఇంటాయన ఒప్పుకోలేదు, ఈశాన్యంలో ఇనుము దించకూడదట. బోరులో కేసింగ్ పైపు దించినప్పుడు ఏ దోషమూ గుర్తు రాలేదు. చివరికి నైరుతిలో బండ రాయి మీద గొయ్యి తవ్వించారు. ఏప్రిల్ వచ్చేసరికి నేల ఎండిపోయి దాని పని సున్నా. నేను దిక్కులకు వ్యతిరేకిని కాను, నా ఇంటి మీటరు కూడా ఆగ్నేయంలోనే ఉంది. ఎర్త్‌కు తెలిసిన దిక్కు మాత్రం ఒక్కటే, తడి ఉన్న దిక్కు. మీ గుంత ఎక్కడున్నా సరే, ఎండాకాలం వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయండి. చాలామంది దాని మీద పార్కింగ్ టైల్స్ వేయించి గుంత ఎక్కడుందో మరిచిపోయారు. అలాంటివాళ్లు ముందు దాన్ని వెతకాలి.

కూలర్ల సంగతి అద్దెకున్నవాళ్లకు కూడా చదివి వినిపించండి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. ఎందుకంటే పాత ఇళ్లలో స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పెట్టినవి లెక్కలేనన్ని. స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది, కరెంటు మాత్రం కూలర్‌లోనే ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన ఇనుప కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, మూడు తీగల వైరు వేయించి, మూడో తీగను కూలర్ ఒంటికి నట్టుతో బిగించాలి. నూట యాభై, రెండొందలు ఖర్చు. కింద చెక్క పీట వేసి నిలబెట్టాలి.

కూలర్ కన్నా చప్పుడు లేనిది దండెం. ముసురు పట్టిన రోజుల్లో బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి పోయినవాళ్ల వార్త ప్రతి వానాకాలం జిల్లా పేజీలో చదువుతాం. ఒక్కొక్కసారి భార్యను కాపాడబోయి భర్త, తల్లిని పట్టుకుని కొడుకు. అది జరిగే తీరు ఇది. స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరును మోయడానికి ఒక ఇనుప తీగ ఉంటుంది. ఎండకు, వానకు, కోతుల ఊగులాటకు సర్వీసు వైరు తొడుగు ఒరుసుకుపోయి రాగో అల్యూమినియమో బయటపడి ఆ ఇనుప తీగకు తగులుతుంది. ఆ తీగ కట్టిన కొక్కేనికే మనం దండెం కూడా కట్టి ఉంటాం, అది కూడా ఇనుపదే, స్లాబు వేసినప్పుడు మిగిలిన బైండింగ్ వైరు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. వాన పడి, తడి చీర వేసి, తడి నేల మీద నిలబడగానే దారి పూర్తవుతుంది. దీనికి మందు నలభై రూపాయల నైలాన్ తాడు. సర్వీసు వైరు, రేకుల షెడ్డు, డిష్ యాంటెన్నా పైపు, వీటిలో దేనికీ తగలకుండా కట్టుకోవాలి. మన కాలనీలో నేను లెక్కపెట్టినంతలో ఇనుప దండేలున్న డాబాలు పదకొండు. ఇళ్ల నంబర్లు రాయడం లేదు, పైకి చూస్తే మీకే కనిపిస్తాయి.

వాన కురిస్తే గోడ షాక్ కొడుతోందని పిలిచే ఇళ్లున్నాయి. అక్కడ నాకన్నా ముందు తాపీ మేస్త్రీతో పని. స్లాబు మీద నిలిచిన నీళ్లు సన్నని పగులులోంచి దిగి, ఫ్యాను డబ్బాలోకి, అక్కడి నుంచి గోడలోని పైపు గుండా నేరుగా స్విచ్ బోర్డులోకి వస్తాయి. వైర్ల కోసం మనం వేసిన పైపే నీళ్లకు కాలువ అవుతుంది. లోపల రంగులు వేసి మచ్చ కప్పేస్తారు. మచ్చ మళ్లీ వస్తుంది, ఈసారి బోర్డులోంచి చిటపటమని చప్పుడుతో. చూడవలసింది పైన. మృగశిరకు ముందే డాబా ఊడ్చి నీళ్లు దిగే గొట్టాల మూతుల్లో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తీయండి. గొట్టం మూతి దగ్గర గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి ఒక రోజంతా ఉంచి కింద నుంచి చూడండి. ఎక్కడ చెమ్మ దిగితే అక్కడ పని చేయించండి. చాలా ఇళ్లలో స్లాబు మధ్యలో పగులు ఉండదు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలోనే కారుతుంది. ఆ మూలను సిమెంటుతో గుండ్రంగా వాలు తీసి, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పూత వేయిస్తే సగం సమస్య తీరుతుంది. ఎండ బాగా ఉన్నప్పుడు, స్లాబు ఎండి ఉన్నప్పుడు వేస్తేనే పూత పట్టుకుంటుంది. వానలు మొదలయ్యాక తడి మీద పూసింది పైసాకు పనికిరాదు.

ఇక అంతస్తులు పెంచే పెద్దలకు. కింద ఇల్లు కట్టినప్పుడు 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను మీ పిట్టగోడకు దూరంగానే ఉండి ఉండొచ్చు. పైన ఇంకో అంతస్తు వేసి, అది చాలదన్నట్టు బాల్కనీ రోడ్డు మీదికి మూడడుగులు తీస్తే లైను చేతికందుతుంది. నిబంధన ప్రకారం 11 కేవీ తీగకు, ఇంటికి పక్క నుంచి 1.2 మీటర్లు, ఇంటి మీదుగా పోతే 3.7 మీటర్ల ఎడం ఉండాలి. ఇళ్లకు కరెంటిచ్చే మామూలు లైనుకు కూడా పక్కన 1.2, పైన 2.5 మీటర్లు కావాలి. ఇల్లు పూర్తయ్యాక ఉండే అపాయం ఒక ఎత్తు, కట్టేటప్పటి అపాయం ఇంకో ఎత్తు. స్లాబుకు వాడే ఇనుప సలాక నిండు పొడవు 12 మీటర్లు, అంటే 40 అడుగులు. దాన్ని కింద నుంచి నిలువునా పైకి అందిస్తుంటే కొస ఎటు ఊగుతుందో అందించేవాడికి తెలియదు. 11 కేవీకి తగలనక్కరలేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. పోయేది పాలమూరు నుంచో ఒడిశా నుంచో పనికొచ్చిన కుర్రవాడు. లైను జరపడానికి కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెడితే అంచనా వేసి ఇస్తారు, ఆ డబ్బు మీరే కట్టాలి. గేటుకు ఖర్చుపెట్టిన దానిలో ఎంతవుతుందో లెక్క వేసుకోండి. అది ఆలస్యమైతే కనీసం సెంట్రింగ్ పని రోజుల్లో సప్లయి ఆపించుకోండి, సలాకలు కిందే కోయించి పైకి పంపండి.

హంటర్ రోడ్డు వైపు బంధువులున్నవాళ్లకు 2020 ఆగస్టు, 2023 జూలై వరదలు గుర్తుంటాయి. ఆ నీళ్లు దిగాక నేను వారం రోజులు అక్కడే తిరిగాను. బురద కడిగి, ఎండలో పెట్టి, అవే ఎంసీబీలు బిగించి వాడుకున్నవాళ్లు చాలామంది. నీళ్లలో మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ, సాకెట్ ఆరబెట్టి వాడేవి కావు, పారేయవలసినవే. గోడలోని వైర్లను, తొడుగు నిరోధం కొలిచే మెగ్గర్ పెట్టి చూడకుండా మెయిన్ ఎక్కించకూడదు. కనీసం ఒక మెగా ఓము చూపించాలి. మన కాలనీ మెరకలో ఉందని ధీమాగా ఉన్నాం, కానీ చివరి రెండు వీధులు చెరువు మత్తడి కాలువ పక్కనే ఉన్నాయి. అక్కడ కొత్తగా వైరింగ్ చేయించుకునేవాళ్లు సాకెట్లను నేల నుంచి అడుగు ఎత్తులో కాకుండా నాలుగడుగుల ఎత్తులో పెట్టించుకోండి. చూడటానికి బాగుండదని ఇంటీరియర్ పిల్లలు అంటారు. వాళ్లు ఆ ఇంట్లో ఉండరు.

గీజరు, గ్యాసు నా పని కాదు కానీ రెండు మాటలు. గీజరు సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందని దానికి బిరడా బిగించకండి. అది కారడం వల్లే ట్యాంకు పేలకుండా ఉంది. వంటింట్లో గ్యాసు వాసన వస్తే లైటు వేయవద్దని అందరికీ తెలుసు, వెలుగుతున్న లైటు ఆపడం కూడా తప్పేనని తెలియదు. స్విచ్చులో నిప్పురవ్వ వేసినప్పుడూ పుడుతుంది, ఆపినప్పుడూ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. గ్యాసు రబ్బరు గొట్టం మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చాలి. అద్దె పోర్షన్లలో ఆ గొట్టం ఎన్ని కుటుంబాలు మారినా మారదు.

ఇప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు అడ్డం అదే. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసమని ఒక నెల అద్దె కోసుకోవడం మన దగ్గర ఆచారం. గోడ మీద ఒక్క గీత లేకపోయినా కోస్తారు. మంచిదే, రంగులు వేయండి. కానీ ఆ కోత డబ్బులో సగంతో ఆర్‌సీసీబీ వస్తుంది, మిగిలిన సగంతో ఎర్త్ వైరు పై గదిదాకా లాగవచ్చు. ఒక్కసారి చేస్తే చాలు, రంగుల్లాగా ప్రతి ఏటా అక్కరలేదు. రంగు చూసి అద్దెకు వచ్చేవాళ్లున్నారు, ఎర్త్ చూసి వచ్చేవాళ్లు లేరని ఒక పెద్దమనిషి నాతో నిజాయితీగానే అన్నారు. అందుకే సంఘాన్ని అడుగుతున్నాను. అగ్రిమెంటులో మేకుల గురించి, మాంసం గురించి, రాత్రి పది తర్వాత గేటు గురించి ఇన్ని షరతులు రాస్తున్నప్పుడు, వైరింగ్ ఏ తేదీన పరీక్ష చేయించామో ఒక వాక్యం రాయడం కష్టమా? సంఘం తరఫున ఒక నమూనా తయారుచేసి అందరికీ ఇస్తే ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోవడం ఉండదు.

ఫ్లాట్లు కొన్నవాళ్లు మన చివర ఉన్న రెండు అపార్టుమెంట్లలో ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రెరా చట్టంలో 14వ సెక్షను ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు లోపం బయటపడి మీరు చెబితే, బిల్డరు ముప్పై రోజుల్లో డబ్బు తీసుకోకుండా బాగుచేయాలి. అది పిల్లర్లు, స్లాబుల గురించే అని అందరూ అనుకుంటారు. పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో లోపాలు కూడా అందులో ఉన్నాయి. లేని ఎర్తింగ్, కారే బాత్రూము పైపు, సన్న వైరు మీద పెట్టిన ఏసీ పాయింటు, ఇవన్నీ అడగవచ్చు. ఏసీకి, గీజరుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. మీ గోడలో ఏముందో వైరు తొడుగు మీదే అచ్చు వేసి ఉంటుంది, బోర్డు విప్పితే చదువుకోవచ్చు. ఫోనులో కాదు, రాతపూర్వకంగా అడగండి, తేదీ వేసి నకలు దగ్గర పెట్టుకోండి. ఐదేళ్లు నిండబోతున్న అపార్టుమెంటు ఒకటి నాకు తెలుసు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో మూడేళ్లుగా లిఫ్టు గురించి తగువు నడుస్తోంది, ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొనబోయేవాళ్లు ముప్పై ఏళ్ల లావాదేవీలు చూపే ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు, వాస్తు పండితుణ్ణి కారులో తీసుకొస్తారు. చెరువు పక్క ప్లాటైతే చెరువు నీళ్ల కింది శిఖం భూమి కాదు కదా అని అడుగుతున్నారు, అదీ మంచిదే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని భవన నిబంధనల్లో ఉంది. అది చూసుకోండి. ఇన్ని చేసినవాళ్లు డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత ఒక్కటి తీసి చూడరు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, కట్టిన ఇంటి బోర్డు విప్పి చూడు అనడం మరిచిపోయారు. బయానా ఇవ్వకముందు ఎవరైనా పనివాణ్ణి వెంట తీసుకుపోయి గంటసేపు చూపించుకోండి. కొత్తగా కట్టిస్తున్నవాళ్లయితే ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత టీవీ కోసం డ్రిల్లు పెట్టేటప్పుడు పైపు ఎటు పోయిందో ఆ ఫొటో చెబుతుంది.

షాక్ కొట్టినప్పుడు ఏం చేయాలో ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలియాలి. ముట్టుకోవద్దు, ముందు మెయిన్ దించాలి. మెయిన్ అందకపోతే ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయాలి. ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వందకు పైగా నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి. నీళ్లు తాగించడం, మట్టిలో పాతిపెట్టడం లాంటివి ఇంకా చేస్తున్నారు. వాటితో పోయేది విలువైన నిమిషాలే. తెగిన తీగ రోడ్డు మీద పడితే దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి.

మా నాన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో ఫిట్టరుగా ఉండేవాడు. మగ్గం మోటారు మీద చెయ్యి వేసేముందు దాని ఫ్యూజు పీకి తన చొక్కా జేబులో వేసుకునేవాడు. పని అయ్యేదాకా అది ఆయన జేబులోనే ఉండేది, ఎవరు ఎంత తొందరపెట్టినా ఇచ్చేవాడు కాదు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. మీ ఇంట్లో బల్బు మార్చడానికి కూడా మెయిన్ దించమని నేను అడిగితే విసుక్కుంటారు కదా, దాని వెనక సంగతి ఇది.

చివరగా నేను చేయగలిగింది చెబుతాను. మృగశిరకు ముందు వచ్చే రెండు ఆదివారాలు నేను, నా దగ్గర పనిచేసే అబ్బాయి ఖాళీ పెట్టుకుంటున్నాం. అద్దె పోర్షన్లు ఉన్న ఇళ్లకు వచ్చి ఎర్త్, న్యూట్రల్, దండెం, సర్వీసు వైరు, ఉంటే ఆర్‌సీసీబీ చూసి, ఏం లోపం ఉందో చీటీ మీద రాసిస్తాం. చూసినందుకు డబ్బులు వద్దు. మరమ్మతు నాతోనే చేయించాలని కూడా లేదు, ఎవరితోనైనా చేయించుకోండి. సామాను కొంటే ఐఎస్ఐ గుర్తు చూసి మీరే కొనుక్కోండి. సంఘం కార్యదర్శి గారు వీధులవారీగా పేర్లు రాసి పెడితే పొద్దున ఏడింటికి మొదటి వీధి నుంచి వస్తాం. అద్దెకున్నవాళ్లు కూడా పేరు ఇవ్వవచ్చు. అప్పుడు ఇంటాయనకు కోపం రాకుండా చూసే పూచీ సంఘానిది.

ఒక్క మనవి. మేము వచ్చేసరికి మెయిన్ బోర్డు ముందు పేర్చిన బియ్యం బస్తాలు, పాత సైకిలు, చెప్పుల స్టాండు పక్కకు జరిపి ఉంచండి. పోయినసారి ఒక ఇంట్లో వాటిని జరపడానికే గంట పట్టింది.

ఇట్లు,
మీ వీధి చివరి ఎలక్ట్రీషియన్,
హనుమకొండ